పాడుపెట్టిన ఇంట్లో దీపం

ఆరు నెలలపాటు మనిషన్నవాళ్లు అడుగు పెట్టకూడదని తాళం వేసిన ఇంట్లోకి హారతి రోజూ వెళ్లేది. ఈ మాట అమ్మతో అనలేదు, నాన్నతో అనలేదు. భీమేశ్వరస్వామి గుళ్లో కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నప్పుడు కూడా, మనసులోనైనా అనలేదు. అంటే నిజమైపోతుందని భయం.

వెళ్లడమంటే తాళం తియ్యడమూ కాదు, గోడ దూకడమూ కాదు. ద్రాక్షారామం బజారువీధిలో వాళ్ల నాన్న బుల్లబ్బాయిగారి ఇత్తడిసామాన్ల కొట్టుంది. కొట్టు మీద రెండు గదులు. ముందుగదిలో కిటికీ పక్కన ఒక పాత కంప్యూటర్. హారతి దాని ముందు కూర్చుని, వెనక ఎవరూ లేరని ఒకసారి చూసుకుని, మౌస్ మీద చెయ్యి వేసేది. రెండు వీధుల అవతల తాళం వేసి ఉన్న పెంకుటిల్లు తెర మీద తలుపు తెరిచేది.

ఆ ఇల్లు తను కట్టిందే.

ఊళ్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఎత్తేస్తుంటే నాన్న తెచ్చిన కంప్యూటర్ అది. కొట్టు లెక్కలకని తెచ్చాడు. లెక్కలు మాత్రం ఆయన చేత్తోనే రాసుకునేవాడు. దాంతోపాటు వచ్చిన సీడీల్లో ఒక తుపాకుల ఆట ఉంది. హారతి ఆ ఆటని వారం తిరక్కుండా ఆడేసింది, మళ్లీ ఆడింది, విసుగొచ్చింది. అప్పుడు కనబడింది, అదే సీడీలో ఒక మూల, ఆటలోని గదులూ గోడలూ మనమే కట్టుకునే ప్రోగ్రాం. నేర్పేవాళ్లు లేరు. రామచంద్రపురం నెట్ సెంటర్‌కి వెళ్లి ప్రింట్లు తెచ్చుకుని, డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని, అర్థమైనంత చదివి, కానిది చేసి చూసి నేర్చుకుంది. మొదట తుపాకీ తీసేసి చీపురు పెట్టింది. తర్వాత రాక్షసుడి అరుపు తీసేసి, నాన్న దగ్గు రికార్డు చేసి పెట్టింది.

అది చూసి కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది ఒక్క పాపాయమ్మ అత్తయ్యే. నాన్నకి అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. అమ్మ కూడా కొట్లో కూర్చునే రోజుల్లో హారతినీ, అక్క దేవిశ్రీనీ పెంచింది ఆవిడే. చింతపండు చాటలో వేసుకుని గింజలు తీస్తూ, హారతి పక్కన పీట మీద కూర్చుని ఆట చూసేది.

"మీ నాన్నకి తెలిస్తే ఈ డబ్బాని తూకానికి వేసేస్తాడే," అనేది. రాక్షసుడు మీదికొస్తుంటే, వాణ్ణి చంపడం ఎందుకు, తలుపేసేస్తే పోడా అని అడిగేది.

ఒకరోజు మనిల్లు పెట్టు అందులో అంది. కొట్లోంచి టేపు తెచ్చారు. ఒక కొస అత్తయ్య పట్టుకుంది, ఒక కొస హారతి. ముందు అరుగు, మధ్యగది, వంటిల్లు, వెనక పెరటి గోడ. ఎర్రగచ్చు నేల మీద పగుళ్లు, గోడ మీద క్యాలెండర్ మేకులు, దీపం గూడు చుట్టూ నూనె మరక, అన్నీ చుక్క చుక్కగా గీసింది. నెలల పని.

ఆ ప్రోగ్రాంకి ఒకటే పట్టింపు. కట్టిన ఇంటిని ఆటగా మార్చేటప్పుడు, దాన్నే కంపైల్ అంటారు, గోడల్లో ఎక్కడా సందు ఉండకూడదు. వెంట్రుకవాసి సందున్నా సరే, లీక్ అని చెప్పి పని ఆపేస్తుంది. ఆపేసి, ఇంట్లో ఉన్న వస్తువు నుంచో మనిషి నుంచో మొదలుపెట్టి, ఆ సందులోంచి బయటికి వెళ్లేదాకా ఒక ఎర్రగీత గీసి చూపిస్తుంది. ఇదిగో, ఇక్కడ పోతోంది, మూసుకో అని. గీత పట్టుకుని వెళ్లి సందు మూసెయ్యాలి. హారతి ఇదంతా చెబితే అత్తయ్య తలాడించింది. ఎలక కన్నం కూడా ఒప్పుకోదన్నమాట, మంచిదేలే అంది.

హారతి అత్తయ్యని కూడా అందులో పెట్టింది. మనిషి బొమ్మ చెయ్యడం ఆమెకి రాదు. ఆటలోని సిపాయి బొమ్మకే గోధుమరంగు చీర గీసింది. అది తుపాకీ లేని చేతులు ముందుకి పెట్టుకుని, కవాతు చేస్తున్నట్టు వంటింట్లో తిరిగింది.

"నేనేంటే పోలీసోడిలా ఉన్నాను," అంది అత్తయ్య. నవ్వుతూనే అంది. తర్వాత ఎందుకో నవ్వు ఆపేసింది. "నన్ను తీసెయ్యి తల్లీ. ఇల్లు చాలు."

తీసేసింది.

పుష్కరాలు వెళ్లిన కొద్దిరోజులకే, శ్రావణ పున్నమి మర్నాడు, మధ్యాహ్నం భోంచేసి మధ్యగది మంచం మీద నడుం వాల్చిన అత్తయ్య మళ్లీ లేవలేదు. సిద్ధాంతిగారు పంచాంగం చూశారు. ధనిష్ఠ అన్నారు. ధనిష్ఠలో పోయిన మనిషి ఊరికే పోదు, ఆ ఇంట్లోంచి ఇంకొకర్ని తోడు పిలుచుకుంటుంది. అందుకని ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. దీపం పెట్టకూడదు, ఊడవకూడదు, పోయిన మనిషిని అక్కడ పేరు పెట్టి పిలవకూడదు.

గుమ్మంలోంచి తీసుకెళ్లలేదు అత్తయ్యని. మధ్యగది వెనకగోడకి, మనిషి వంగి దూరేటంత కన్నం పెట్టి, అందులోంచి దాటించారు. మోసేవాళ్లు వీధి మలుపు తిరిగేలోపే మేస్త్రీ ఇటుకలు పేర్చి, సున్నం మెత్తి మూసేశాడు. ఎందుకని అడిగితే అమ్మ రామతులసి చెప్పింది, పోయినవాళ్లకి వెళ్లిన దారే తెలుస్తుందట. తిరిగి వస్తే ఆ కన్నం దగ్గరికే వస్తారు. అక్కడ గోడ ఉంటుంది. తడుముకుని, తడుముకుని, వెళ్లిపోతారు.

హారతికి ఆ రోజు సంగతులు పెద్దగా గుర్తులేవు. తడి సున్నం వాసన మాత్రం గుర్తుంది.

కొట్టు మీది గదుల్లోకి వచ్చేశారు. కంప్యూటర్ కూడా మెట్లెక్కింది. చాన్నాళ్లు దాని ముసుగు తియ్యలేదు. ఒక మధ్యాహ్నం అమ్మానాన్నా కింద కొట్లో ఉన్నప్పుడు, ఒక్కసారి ఇల్లు చూసుకుందామని తీసింది. తెర మీద అంతా నలుపు, అత్తయ్యతో చూసినప్పటి వెలుతురు లేదు. ఆ ప్రోగ్రాంలో వెలుతురు కూడా మనమే పెట్టాలి, పెట్టకపోతే గదులు చీకటి కూపాలు. హారతి మధ్యగదిలో దీపం గూట్లో ఒక చిన్న దీపం పెట్టింది.

ఆ ఇంట్లో దీపం పెట్టకూడదన్న మాట అప్పుడు గుర్తు రాలేదని తర్వాత చాలాసార్లు తనకి తను చెప్పుకుంది. అబద్ధం. గుర్తొచ్చింది. గుర్తొచ్చే పెట్టింది.

గది వెలిగింది. ఎర్రగచ్చు, పగుళ్లు, మేకులు, ఖాళీ మంచం. ఏడుపు ఆగలేదు. మర్నాడు, తీసేసిన బొమ్మని వెతికి మళ్లీ పెట్టింది. దానికి సిపాయి మొహమే. ఆ మొహం చూడలేక, మంచం పక్కన, వెనకగోడ వైపు తిప్పి నిలబెట్టింది. మౌస్ పట్టుకుని ఆ చీర వెనక నిలబడేది. రోజూ సంగతులు చెప్పేది. అత్తయ్యా, ఇవాళ నాన్న దగ్గు తగ్గలేదు. అత్తయ్యా, అక్క వస్తోంది.

అప్పుడొచ్చింది మొదటి లీక్.

ఎర్రగీత బొమ్మ కాళ్ల దగ్గర మొదలై, వెనకగోడలోంచి బయటికి పోయింది. కన్నం పెట్టిన చోటినుంచే. కానీ తెర మీది గోడ అత్తయ్య బతికుండగా కట్టింది. దానికి కన్నం లేదు. హారతి దగ్గరికి జరిపి అణువణువూ చూసింది. నున్నటి గోడ. గీత మాత్రం దానిలోంచి పోయింది, గోడ లేనట్టే.

గోడ చెరిపి మళ్లీ కట్టింది. మళ్లీ లీక్.

ప్రింట్లలో ఒక చిట్కా ఉంది. సందు దొరక్కపోతే బయట ఇంకొంచెం కట్టి, దాని చుట్టూ గోడ పెట్టెయ్యి, లీక్ పోతుంది అని. అది సోమరుల చిట్కా అని కూడా అందులోనే ఉంది. హారతి పెరడు కట్టింది. పెరటి వెనక గొంది కట్టింది. చేతులు ఆగలేదు. రెండు వీధులు, బజారు, కొట్టు, మెట్లు, పైన ఈ రెండు గదులు. ముందుగదిలో కంప్యూటర్ బల్ల, కుర్చీ కూడా పెట్టింది. పాపం అత్తయ్యకి మేం ఎక్కడ ఉంటున్నామో తెలియదు కదా అనుకుంది. ఆ దారి ఎవరో వెయ్యలేదు. రోజుకి కొంచెం చొప్పున, ఇష్టంగా, తనే వేసింది.

అక్క వచ్చింది. దేవిశ్రీకి ఎనిమిదో నెల. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. ఈసారి మంచం దిగకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. రాజమండ్రిలో చూసుకోవడానికి అత్తగారు లేరు. బావ గణేష్‌బాబు పంపడానికి ఇష్టపడలేదు, అమ్మ ఫోన్లో ఏడిస్తే ఒప్పుకున్నాడు. పంపేముందు హారతిని ఫోన్లోకి పిలిచాడు. ఎప్పుడూ ఆటపట్టించి మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు తగ్గించాడు.

"నువ్వయితే దాచకుండా చెబుతావని అడుగుతున్నాను హారతీ. ఆ ఇంటివైపు మీలో ఎవరూ వెళ్లట్లేదు కదా?"

"లేదు బావగారూ."

"దీపం అవీ ఎవరూ..."

"లేదండి."

సరే, నిన్ను నమ్మి పంపుతున్నాను అన్నాడు.

అక్కని వెనకగదిలో, గోడవార మంచం మీద పడుకోబెట్టారు. ఆ వారంలో హారతి మళ్లీ కంపైల్ చేసింది. లీక్ అంది. గీత పెరట్లోంచి గొందిలోకి వచ్చి, గొంది మధ్యలో ఆగిపోయింది. ఎర్రగీత అలా ఆగదు. బయటికి పోయే సందు చూపించడమే దాని పని. దారి మధ్యలో ఆగిన గీతని హారతి ఎక్కడా చదవలేదు. ఏదో తప్పు చేశాననుకుని ఆ గోడా ఈ గోడా సర్ది ఇంకోసారి చేసింది. గీత మొదటి వీధి దాటింది. ఇంకోసారి చేసింది. బజారుకొచ్చింది. మెట్ల మొదటికొచ్చింది.

సర్దిన ప్రతిసారీ ఒక అడుగు ముందుకి వేయించింది తనేనని అప్పుడు తెలిసింది. అర్థమైన రోజున కంప్యూటర్ ఆపేసి ముసుగు వేసింది. రాత్రుళ్లు అక్క ఊపిరి వింటూ పడుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అక్క వింటుంది. విన్న భయానికే ఏదైనా అయితే...

కార్తీక సోమవారం వచ్చింది. సముద్రంలో వాయుగుండం, పొద్దుటినుంచి ఒకటే వాన. మధ్యాహ్నానికే వీధిలో దీపాలు పెట్టుకోవాల్సినంత మబ్బు. గుళ్లో ఒత్తులు వెలిగించి వచ్చేస్తామని గొడుగేసుకుని అమ్మానాన్నా వెళ్లారు. అక్కని నిద్రపోనివ్వకు, అసురసంధ్యవేళ ఒట్టి మనిషే పడుకోకూడదు అని అమ్మ మెట్లు దిగుతూ కూడా చెప్పింది.

కాసేపు అక్కాచెల్లెళ్లిద్దరూ కబుర్లు చెప్పుకున్నారు. ఆత్రేయపురం పూతరేకులు తినాలనుందని అక్క అంది. వానలో తేవాలంటే మా ఆయన పడవేసుకుని రావాలి అని తనే నవ్వింది. నవ్వుతూనే కళ్లు మూతలు పడ్డాయి. హారతి లేపింది. ఉండవే, కాసేపే అంది. మళ్లీ లేపింది. పలకలేదు.

వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. చూరు నీళ్లు కింద కొట్టు రేకు మీద పడుతున్నాయి. ఇదే సమయం అనుకుంది హారతి. అందరూ వచ్చేలోపు మొత్తం చెరిపెయ్యాలి. ఇల్లు, వీధులు, ఈ గదులు, బొమ్మ, దీపం, అన్నీ.

ముసుగు తీసింది. చెరిపేముందు ఒక్కసారి చూద్దామనుకుంది. చూడకుండా చెరిపేసి ఉంటే ఏమయ్యేదో ఆమెకి ఎప్పటికీ తెలియదు.

గూట్లో దీపం వెలుగుతోంది. మంచం ఉంది. మంచం పక్కన బొమ్మ లేదు.

వస్తువుల పట్టీలో వెతికింది. లేదు. వంటింట్లో చూసింది, అరుగు మీద చూసింది. పెరడు. గొంది. వీధులు ఖాళీ. ఎర్రగీత మాత్రం ఉంది. తను కంపైల్ చెయ్యలేదు. పది రోజులుగా మెషీనే ఆన్ చెయ్యలేదు. అయినా గీత మెట్ల మొదట్లో లేదు. మెట్లెక్కింది. ముందుగదిలోకి వచ్చింది. కంప్యూటర్ బల్ల దగ్గర, కుర్చీ వెనకనుంచి, కుర్చీని రాసుకుంటూ వెళ్లింది. వెనకగదిలోకి మలుపు తిరిగింది. మంచం కాళ్లవైపు ఆగింది.

హారతి తల తిప్పలేకపోయింది. మెడ వెనక చల్లగా ఉంది. కిటికీ మూసే ఉంది. వాన వాసన కాదు అది... మట్టి వాసన కాదు... తడి సున్నం.

కరెంటు పోయింది.

గది మొత్తం నల్లబడి, తెర ఒక్కటే మిగిలింది. బల్ల కింద యూపీఎస్ బ్యాటరీ కూత మొదలెట్టింది. ఆగి, ఆగి, ఒక్కో కూత. లేచింది. గోడ పట్టుకుని వెనకగది గుమ్మం దాకా వెళ్లింది. తెర వెలుగు అక్కడిదాకా పలచగా వస్తోంది. మంచం మీద అక్క వెల్లకిలా పడుకుని ఉంది. దుప్పటి మోకాళ్ల పైకి జరిగి ఉంది. పాదాలు రెండూ దగ్గరగా, కదలకుండా ఉన్నాయి.

"అక్కా," గుసగుసగా పిలిచింది. "అక్కా, లే."

"ఊఁ..."

"లేవే. అమ్మావాళ్లు వచ్చేస్తారు."

"లేవద్దంది." అక్క కళ్లు తెరవలేదు. గొంతు నిద్రలోంచి వస్తోంది, హాయిగా. "కాళ్లు పడుతోందే... ఎంత చల్లటి చేతులో. నువ్వు వెళ్లు."

"ఎవరే?"

మంచం కాళ్లవైపు నులక కిర్రుమంది... ఒకరు ఒక మోకాలి మీంచి ఇంకో మోకాలి మీదికి బరువు మార్చుకున్నట్టు.

హారతి వెనక్కి వచ్చింది. ఎలా వచ్చి కుర్చీలో పడిందో తెలియదు. అరిస్తే వినేవాళ్లు లేరు. సోమవారం, బజారంతా గుళ్లో ఉంది. అక్కని ఎత్తుకుని దిగలేదు. వదిలి వెళ్లలేదు. ఇంక చెయ్యగలిగింది ఒక్కటే అనిపించింది. వెళ్లినవాళ్లకి కన్నం దారే తెలుస్తుంది. గుమ్మం తెలియదు. అయితే ఈ గదికీ ఒక కన్నం కావాలి. అత్తయ్యకి దారి ఇవ్వాలి... వెళ్లిపోవడానికి.

తెర మీద వెనకగది తెరిచింది. మంచం పక్కనున్న గోడని పట్టుకుంది. మనిషి వంగి దూరేటంత ముక్క కోసేసింది. ఆ సందులోంచి అవతలి నలుపు కనబడింది. ఎవరు చూసినా కనబడేంత పెద్ద కన్నం. ఈసారి లీక్ అని చెప్పాలి. చెప్పి తీరాలి. ఎర్రగీత మంచం దగ్గర మొదలై ఆ కన్నంలోంచి బయటికి పోవాలి. కంపైల్ నొక్కింది.

పని జరుగుతోందని చూపించే చుక్కలు తెర మీద మొదలయ్యాయి. ఒకటి తర్వాత ఒకటి. యూపీఎస్ కూతలు దగ్గరపడ్డాయి.

"వెళ్లిపో అత్తయ్యా," అంది. "నేనే తెచ్చాను, నాదే తప్పు. అక్కని వదిలెయ్యి. వెళ్లిపో అత్తయ్యా..."

పేరు పెట్టి పిలవకూడదు. వరస పెట్టి కూడా పిలవకూడదేమో. ఇంతకుముందు రోజూ పిలిచింది.

చుక్కలు... చుక్కలు... కూతలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. తెర ఒక్కసారి వణికింది. చివరి వరస వచ్చింది. హారతి మొహం తెరకి ఆనించి చదివింది.

లీక్ లేదు.

మళ్లీ చదివింది. ఇల్లు మొత్తం భద్రంగా మూసి ఉంది, ఎక్కడా సందు లేదు అని ఆ ప్రోగ్రాం చెబుతోంది. ఎర్రగీత లేదు. ఎక్కడా లేదు. గోడలో మాత్రం అంత కన్నం, అవతల నలుపు, కళ్లెదురుగా.

యూపీఎస్ ఒక్క పొడుగాటి కూత కూసి చచ్చిపోయింది. తెర ఆరిపోయింది.

"హారతీ."

ఇది నిద్ర గొంతు కాదు. అక్క లేచింది. అగ్గిపెట్టె దొరక్క, తడుముకుంటూ పరిగెత్తింది హారతి. చీకట్లో అక్క చెయ్యి దొరికింది. అరచెయ్యి చెమటతో జారిపోతోంది.

"కదలట్లేదే," అంది దేవిశ్రీ. "ఇందాక బాగా తన్నింది. ఇప్పుడు... ఎంతసేపట్నుంచో... చెయ్యి పెట్టు, నువ్వు చూడు."

చూసింది. బిగిసిన పొట్ట. వెచ్చగా ఉంది. లోపల ఏమీ లేదు, చప్పుడు ఆగిపోయిన ఇల్లులా. ఇంకోవైపు పెట్టింది. చెవి ఆనించింది. వాన చప్పుడు, తన గుండె చప్పుడు, అంతే.

"పడుకున్నట్టుందక్కా. నిద్రపోతోంది. వాళ్లు నిద్రపోతారట కదా."

"అవునా?" అంది అక్క. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. ఇంతకుముందు రెండుసార్లూ కూడా ఇలాగే అడిగింది.

హారతి లేవబోయి తూలి, మంచం పక్క గోడకి చెయ్యి ఆన్చింది. ఆ గోడకి పాత ఆయిల్ పెయింటు. నున్నగా, గట్టిగా ఉండేది. చెయ్యి కొంచెం లోపలికి దిగింది. మెత్తగా, చల్లగా... తడి సున్నం. పక్కకి జరిపింది. ఇంకా తడే. పైకి జరిపింది. బారెడు మేర, మనిషి వంగి దూరేటంత మేర, ఇప్పుడే మెత్తినట్టు పచ్చిగా ఉంది. చేత్తో నునుపు చేసిన వేళ్ల జాడలు ఆమె వేళ్లకి తగులుతున్నాయి.

కన్నం పెట్టారు. మూసేశారు కూడా.

ఊరికే పెట్టరు. ఎవరినో దాటించడానికే పెడతారు. దాటించాకే మూస్తారు.

అక్క చెయ్యి వెచ్చగానే ఉంది. ఊపిరి ఆడుతూనే ఉంది. హారతి ఆ చేతిని పొట్ట మీద పెట్టి, ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తాను అంది. ముందుగదిలోకి వచ్చింది. ఫోను స్టూలు మీద ఉంది. దాని పక్కన కింద కూర్చుంది. రాజమండ్రికి చెయ్యాలి. చేస్తే, కారు తీసుకుని రమ్మంటే, ఇంత వానలో ఎందుకని బావ అడుగుతాడు. డాక్టరమ్మకి చెయ్యమంటాడేమో. కడుపులో కదలట్లేదని ఒక్కటే చెబితే సరిపోదు. అక్కని ఏ గదిలోంచి, ఏ గోడ దగ్గర్నుంచి తీసుకెళ్లాలో చెప్పాలి. అది చెప్పాలంటే మొత్తం చెప్పాలి. నిన్ను నమ్మి పంపుతున్నాను అన్నాడు. చెప్పాక బావ మొహం, అమ్మ మొహం, అక్క మొహం... చెయ్యి రిసీవర్ మీద పెట్టి తీసేసింది. మళ్లీ పెట్టింది.

వెనకగదిలో చప్పుడైంది.

నీళ్లు. చూరు నీళ్లు కావు. చెంబుతో ముంచి, కొద్దికొద్దిగా, చేతి అడ్డు పెట్టి పోస్తున్నట్టు. ఆగింది. మళ్లీ ముంచింది. వేణ్నీళ్ల ఆవిరి వాసన, నలుగుపిండి వాసన గుమ్మం దాటి వచ్చాయి. పై గదుల్లో కుళాయి లేదు. బిందె కింద ఉంది.

"హారతీ." అక్క గొంతు తేలిగ్గా ఉంది. ఏడుపు లేదు, భయం లేదు. "బావకి ఇప్పుడే చెయ్యకే. పాపకి నీళ్లు పోస్తోంది. ఏడవకుండా ఎంత బుద్ధిగా పోయించుకుంటోందో... తల తుడిచాక చెబుదాం."

పాప అంది.

హారతి లేచి గుమ్మం వైపు చూడలేదు. రిసీవర్ ఎత్తి చెవికి గట్టిగా ఆనించుకుంది. కరెంటు లేకపోయినా లోపల ఆ సన్నటి మోత ఉంది, దూరంగా, రాజమండ్రి దాకా ఉన్న తీగంతా మోగుతున్నట్టు. చెబుతుంది. గూట్లో పెట్టిన దీపం దగ్గర్నుంచి మొదలుపెట్టి ఈ నీళ్ల చప్పుడు దాకా ఒక్క ముక్క దాచకుండా చెబుతుంది. చీకట్లో అంకెల మీద వేలు జరుపుకుంటూ మొదటిది వెతికింది.